పేరు పెట్టి తిట్టే పాట: తుప్పు మోటారులో పన్నెండేళ్ళు

"ఆ పాట లేకుండా ఆఖరి ప్రోగ్రాం ఏంది అత్తా? జనం వచ్చేదే దానికోసం."

"వస్తే రానీ. కూర్చొని మిగతా పాటలు విని పోతారు."

"నువ్వు దిగిపోతా దిగిపోతా మా పేరు గూడా దించి పోతావా?"

"ఏం పేరు శీనయ్యా అది? ఒక ఆడమనిషి వ్యాపారం పడగొట్టి తెచ్చుకున్న పేరు."

"ఆరేళ్ళయింది. ఆమె మర్చిపోయుంటాది."

"మర్చిపోయిన మనిషి, ముత్తుకూరు మార్కెట్టు పక్కనే పెట్టుకొని, రెండు బస్సులు మారి బుచ్చిరెడ్డిపాలెం పోయి చేపలమ్ముతాదా?"

"అయితే ఏం చెయ్యమంటావు? ఫోన్లల్లో ఉన్న పాటను నువ్వు తుడుస్తావా?"

"తుడవలేను. మళ్ళా పాడకుండా ఉండగలను. నోరు నాది."

"గిటారు నాది. నేను మొదలుపెడితే జనమే పాడతారు."

డ్రమ్ముల వెనకాల కూర్చోనున్న మస్తాను పుల్లలు కింద పెట్టినాడు. "నేను వాయించను శీనయ్యా. అక్క వద్దన్న పాటకు నా చెయ్యి లేవదు" అన్నాడు. శీనయ్య గిటారును గోడకు ఆనించి, చెప్పులేసుకొని బయటికి పోయినాడు.

ఇది పోయిన నెలలో, నేను మా బ్యాండు నుంచి దిగిపోయే ముందు వారం జరిగిన గొడవ. బ్యాండు పేరు తుప్పు మోటారు. ముగ్గురమే. శీనయ్య గిటారు, మస్తాను డ్రమ్ములు, పాట నాది. నా పేరు పోలమ్మ. ముత్తుకూరు దగ్గర సముద్రం ఒడ్డున మా పాళెం. చేపలు పట్టే కుటుంబం మాది. మూడో తరగతితో నా చదువు ఆపినారు. యాభై అయిదో ఏట ఈ పనిలోకి వచ్చి, అరవై ఏడో ఏట దిగిపోయినాను. నెల్లూరు నుంచి ఇద్దరు ఆడపిల్లలు షెడ్డుకొచ్చి, "మేం కూడా బ్యాండు పెడతా ఉండాం అవ్వా, ఎట్టా చెయ్యాలో చెప్పు" అని అడిగినారు. నోటితో చెప్తే సగం గాలికి పోతాది. అందుకని రాస్తా ఉండా.

షెడ్డు

మా షెడ్డు నా మొగుడిది. పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. ఆయన పోయినాక ఆయన దగ్గర పని నేర్చుకున్న మస్తానుకు అప్పగించినాను. శీనయ్య పోర్టులో క్రేన్లకు కరెంటు పని చేసేవాడు. నాకు మేనల్లుడి వరస, అందుకే అత్తా అంటాడు. ఆదివారమైతే గిటారు తెచ్చి షెడ్డులో పెద్ద సౌండు పెట్టెకు తగిలించి వాయించేవాడు. మస్తాను ఖాళీ డీజిల్ డ్రమ్ముల మీద కొట్టేవాడు. వినేవాళ్ళకు ఇంజన్ స్టార్టు కాక దగ్గుతా ఉన్నట్టుండేది.

ఒక ఆదివారం పట్టపగలు లైటు వేసుకొని, ఫానేసుకొని అరస్తా ఉంటే ఆపేద్దామని పోయినాను. శీనయ్య కళ్ళు మూసుకొని ఇంగ్లీషులో కేకలు పెడతా ఉండాడు. ముందు లైటు ఆపినాను. తర్వాత అడిగినాను.

"ఎవుర్ని తిడతా ఉండావురా?"

"మా సూపర్‌వైజర్ని అత్తా."

"ఆయనకు ఇంగ్లీషు వస్తాదా?"

"రాదు."

"మరి ఎవురికి తగలాలని తిడతా ఉండావు? సముద్రానికా?"

మస్తాను పడీ పడీ నవ్వినాడు. "అక్కా, మీ అత్త పెళ్ళిళ్ళల్లో తిట్టేది గదా, ఆ మాదిరి నువ్వు తిట్టు. నేను కొడతా" అన్నాడు. శీనయ్యకు కోపమొచ్చింది, కానీ గిటారు ఆపలేదు. నేను ఆ సూపర్‌వైజర్ని తెలుగులో తిట్టినాను.

*టోపీ నీది సారూ, చెమట మాది సారూ,*
*నిచ్చెన ఎక్కేది మేము సారూ, ఫొటో దిగేది నువ్వు సారూ!*

శీనయ్య మూడే మెట్లు మార్చి మార్చి వాయించినాడు. దీన్నే గ్యారేజీ పంకు అంటారని తర్వాత చెప్పినాడు. షెడ్డులో పుట్టాల, గట్టిగా ఉండాల, నున్నగా ఉండకూడదు, ఎవురో ఒకరికి గుచ్చుకోవాల. అది నాకు కొత్త కాదు.

మా అత్త పద్ధతి

మా అత్త కావేరమ్మ ఎగతాళి పాటల మనిషి. మా వైపు పెళ్ళి భోజనాల్లో మగపెళ్ళివారు బంతిలో కూర్చున్నాక, ఆడపెళ్ళివారి తరఫున ఒకామె నిలబడి వాళ్ళను పాటతో ఆటపట్టిస్తాది. వియ్యంకుడి పిసినారితనం, వియ్యపురాలి గొప్పలు, అన్నీ పేరు పెట్టి పాడతాది. తర్వాత అటువైపు ఆడవాళ్ళు లేచి ఎదురుపాట పాడతారు. మా అత్తను పిలిచి తీసుకుపోయేవాళ్ళు, పడవ మీద ఒడ్డు వెంబడి ఊళ్ళకు గూడా.

ఆమె నాకు నేర్పించిన పద్ధతి గట్టిది. తిట్టబోయే మనిషి నీ ఎదురుగ్గా ఆకు ముందర కూర్చోనుండాల. లేని మనిషిని పాడకూడదు. ఒంటి లోపం, కడుపు పండకపోవడం, చచ్చిపోయినవాళ్ళు, ఇవి నోట రాకూడదు. వాడు చేతులారా చేసిన పనినే పాడాల. వాడి చెయ్యి ఆకు మీద ఆగిపోతే నీ పాట ఆగిపోవాల. అన్నిటికంటే పెద్దది, ఎదురుపాటకు చోటు వదలాల. పాట అయినాక ఆ మనిషికి నువ్వే వడ్డించాల. ఒకసారి ఒక వియ్యంకుడు రాలేదని, ఆయన మీద కట్టుకొచ్చిన పాట మొత్తం మింగేసి మా అత్త గమ్మున కూర్చుంది. "అంత మంచి పాట ఎందుకు పోగొట్టినావత్తా?" అంటే, "లేనోడి మీద పాడితే అది చాడీ అవతాది మే" అన్నది.

మీరు మీ బ్యాండుకు ఏ పేరన్నా పెట్టుకోండి, ఏ బట్టలన్నా వేసుకోండి. ఇది మాత్రం తప్పొద్దు. నేను తప్పినాను. అది కూడా చెప్తా.

ట్యాంకీ పాట

మొదట సరిగ్గా చేసిన పని చెప్తా. మా ప్రెసిడెంటు నీళ్ళ ట్యాంకీ కట్టించి దానికి మూడుసార్లు రిబ్బను కత్తిరించినాడు. నీళ్ళు ఒక్కసారీ రాలేదు. దాని మీద పాట కట్టినాము. పాడే ముందు రోజు నేను తమలపాకులు తీసుకొని ఆయన ఇంటికి పోయినాను.

"రేపు తిరునాళ్ళలో నిన్ను తిడతా ఉండాం నాయనా. ముందు వరసలో కూర్చోవాల."

ఆయన బిత్తరపోయి చూసినాడు. "తిట్టేదానికి పిలుపు గూడానా పోలమ్మా?"

"పిలవకుండా తిడితే మర్యాద కాదు."

"రాకపోతే?"

"రాకపోతే పాడం. కానీ ప్రెసిడెంటు పోలమ్మకు భయపడినాడని ఊరు పాడతాది."

వచ్చినాడు. మొదటి చరణానికి నవ్వినాడు, రెండోదానికి మీసం సర్దుకున్నాడు, మూడోదానికి కాళ్ళు ఊపడం ఆపినాడు. నేను అక్కడ ఆపేసి మైకు ఆయనకిచ్చినాను. ఆయన నా మీద రెండు మాటలు విసిరినాడు, అవి బాగానే తగిలినాయి. జనం ఆయనకు గూడా చప్పట్లు కొట్టినారు. నీళ్ళు వెంటనే వచ్చినాయని చెప్పను, ఎనిమిది నెలలు పట్టింది. కానీ నాలుగోసారి రిబ్బను మాత్రం ఆయన కత్తిరించలేదు.

కొన్ని పనిమాటలు

ఉప్పు గాలికి గిటారు తీగలు వారానికే తుప్పు పడతాయి. శీనయ్య మార్చి మార్చి పారేసేవాడు. ప్రతి పాటకు ముందు, తర్వాత కుట్టుమిషను నూనె తడిపిన గుడ్డతో తుడవమన్నాను. అప్పట్నుంచి తీగలు నెల రోజులు వచ్చినాయి. వాయించేవాడు తుడవను అంటే వాడికి వాయించే పని గూడా రాదని తెలుసుకోండి.

ప్రోగ్రాముకు ఇంట్లో తిని పోండి. పిలిచినోళ్ళ బిరియాని తింటే వాళ్ళ మాట వినాల్సి వస్తాది. గొంతులోంచి అరవొద్దు, పొట్టలోంచి అరవండి. నేను ఇది ఆలస్యంగా నేర్చుకున్నాను, అందుకే డాక్టరు ఇప్పుడు ఇక చాలన్నాడు.

నెల్లూరులో ప్రోగ్రాములు కుదిర్చే ఏజెంటు ఒకడుండేవాడు. నాకు నల్ల కళ్ళద్దాలు తెచ్చి పెట్టుకోమన్నాడు.

"ఎండ లేదు గదా" అన్నాను.

"ఎండకు కాదు అవ్వా, స్టైలుకు. ముసలావిడ నల్లద్దాలు పెట్టుకొని అరస్తా ఉంటే జనానికి తమాషా."

ఆ రోజు నాకు ఒకటి అర్థమైంది. వాడు పాటను అమ్మడం లేదు, నా ముడతలను అమ్ముతా ఉండాడు. మీ ఇద్దరినీ గూడా ఆడపిల్లలని చూపించి అమ్మాలని చూస్తారు. అద్దాలు వాపసు ఇచ్చేసినాను. కానీ ఏజెంటును వదల్లేదు. వదిలుంటే ఇప్పుడు చెప్పబోయే తప్పు జరిగేది కాదు.

చెంగమ్మ పాట

ఆరేళ్ళ కింద ఆ ఏజెంటు నెల్లూరులో పెద్ద ప్రోగ్రాం కుదిర్చినాడు. లైట్లు, జనరేటరు అన్నిటి ఖర్చూ ఐసు రూము ఓనరు ఒకాయన పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో మా ఒడ్డున అందరికీ తెలిసిన సంగతి ఒకటుండేది. ఆయన రూములో రోజుల తరబడి నిలవ పెట్టిన చేపల మొప్పలకు రంగు పూసి తాజావని పంపించేవాడు. దాని మీద పాట కట్టినాము. మంచి పాట. పేరు దగ్గర చిక్కు వచ్చింది. ఆయన పేరు పొడుగు, మస్తాను దెబ్బకు కూర్చోలేదు. అది ఒక కారణం. రెండో కారణం మేము ఒకరితో ఒకరు చెప్పుకోలేదు. ఆయన ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చోబోతా ఉండాడు, లైట్లు ఆయనవి.

"ఏదన్నా ఆడమనిషి పేరు పెట్టండి, నవ్వొస్తాది" అన్నాడు ఏజెంటు.

మా పాళెంలో చెంగమ్మ ఉండేది. ముత్తుకూరు మార్కెట్టు గేటు పక్కన గంప పెట్టుకొని చేపలమ్మేది. నన్ను వదినా అని పిలిచేది. పేరు మూడు దెబ్బల మీద చక్కగా కూర్చుంది. ఆమె ఐసు రూము చేప ముట్టదు. తెల్లారి పడవ దగ్గర కొని, మధ్యాహ్నానికి అమ్మేసి ఇంటికి పోయే మనిషి. అది నాకు తెలుసు. తెలిసే పాడినాను.

*నిన్న చచ్చిన చేప చెంగమ్మా, నేడు బుగ్గకు రంగు చెంగమ్మా!*

అందరికంటే ఎక్కువ నవ్వింది మధ్య కుర్చీలో ఓనరే. ఎవురో ఫోనులో తీసినారు. వారం తిరిగేసరికి ఆ పాట నాయుడుపేట దాకా పోయింది. తుప్పు మోటారుకు పేరొచ్చింది. ముత్తుకూరు మార్కెట్టులో పిలకాయలు, పెద్దోళ్ళు గూడా చెంగమ్మ గంపలో చేప తీసుకొని, మొప్ప ఎత్తి చూసి, ఆ చరణం పాడి, కొనకుండా పోయేవాళ్ళు. రెండు నెలలు ఓర్చుకుంది. తర్వాత ఎవురికీ తెలవని చోట అమ్ముకుంటానని బుచ్చిరెడ్డిపాలెం పోవడం మొదలుపెట్టింది.

నేను ఏం చేసినానంటే, ఏం చెయ్యలేదు. జనమే మర్చిపోతారులే అనుకున్నాను. ప్రోగ్రాములు వచ్చినాయి, పోయినాము. ప్రతి చోటా ఆ పాటే అడిగినారు, ప్రతి చోటా పాడినాను. ఐసు రూము ఓనరు అన్నీ అమ్ముకొని చెన్నై వెళ్ళిపోయినాడు. ఎదురుగ్గా కూర్చున్నప్పుడు ఆయన్ని పాడే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పుడు ధైర్యం వచ్చింది, ఆయన లేడు. లేని మనిషిని పాడకూడదు. ఆ పాట నాకు అట్టా చెడిపోయింది.

ఆకూ వక్కా

శీనయ్య అలిగి పోయిన సాయంత్రమే నేను పళ్ళెంలో ఆకూ వక్కా, కుంకుమ పెట్టుకొని చెంగమ్మ ఇంటికి పోయినాను. అప్పుడే బస్సు దిగి వచ్చినట్టుంది, గంప కడుగుతా ఉండాది. తలెత్తి చూసింది.

"ఏం పోలమ్మా, ఇంకో చరణం తక్కువైందా?"

వదినా అనలేదు. పేరు పెట్టి పిలిచింది.

"తక్కువైంది. అది నువ్వు పాడాల."

"నాకు పాటలు రావు."

"తిట్లు వచ్చు గదా?"

"వచ్చు. ఇప్పుడే పెట్టమంటావా?"

"ఇప్పుడు వద్దు. శనివారం షెడ్డు ముందర, జనంలో పెట్టు. నేను కుర్చీలో ఎదురుగ్గా కూర్చుంటా. ఎదురుపాట నీది. ఆరేళ్ళ కింద నీకు ఆ చోటు లేకుండా పాడినాను."

"నీకు మనసు తేలిక కావాలంటే గుడికి పో. నా వాకిట్లోకి ఎందుకొచ్చినావు?"

"తేలిక కోసం రాలేదు. తప్పు జనంలో చేసినాను, జనంలోనే సరిచెయ్యాల. నువ్వు వచ్చినా రాకపోయినా ఆ మాట నేను చెప్తా. వస్తే నువ్వూ చెప్పొచ్చు."

ఆమె చేతులు తుడుచుకుంది. పళ్ళెం అందుకోలేదు. "ఆడ అరుగు మీద పెట్టి పో" అన్నది. పెట్టి వచ్చినాను.

శనివారం పొద్దున శీనయ్య షెడ్డుకొచ్చి తీగలు తుడుచుకున్నాడు. "ఆ పాట అడిగితే?" అన్నాడు ఆఖర్న. "అడగనీ. చెప్పేది నేను చెప్తా. నువ్వు చెయ్యి ఆపి నిలబడు, చాలు" అన్నాను.

సాయంత్రం జనం నిండినారు. నాలుగు పాటలు అయినాయో లేదో, "చెంగమ్మ! చెంగమ్మ!" అని మొదలుపెట్టినారు. ముందు వరసలో నేను వేయించిన కుర్చీ ఖాళీగా ఉండాది. శీనయ్య నా వైపు చూసినాడు. చెయ్యి తీగల మీదే ఉండాది, మీటలేదు.

మైకు పట్టుకున్నాను. "ఆ పాట అబద్ధం" అన్నాను. ఈలలు ఆగలేదు. "రంగు పూసింది చెంగమ్మ కాదు, ఐసు రూము. నాకు అప్పుడే తెలుసు. ఓనరు ఎదురుగ్గా కూర్చోనుంటే భయపడి, ఏం చెయ్యలేని మనిషి పేరు పెట్టినాను. పేరు డ్రమ్ముకు కుదిరిందని పెట్టినాను. ఆరేళ్ళు మీరు నవ్వింది నా పిరికితనం చూసి."

ఈలలు ఆగినాయి. వెనకాల పడవల దగ్గర ఎవురో కదిలినారు. జనం దారి ఇచ్చినారు. చెంగమ్మ నేరుగా వచ్చి మైకు తీసుకుంది. నేను దిగి ఆ కుర్చీలో కూర్చున్నాను.

మైకును కత్తి మాదిరి పట్టుకుంది. మొదట మాటలే వచ్చినాయి, పచ్చి తిట్లు. మస్తాను మెల్లిగా కొట్టడం మొదలుపెట్టినాడు. ఆమె దెబ్బకు ముందు పోయేది, వెనక పడేది. మస్తాను ఆమె మాట ఎట్టా పడితే అట్టా దెబ్బ మార్చుకుంటా పోయినాడు. శీనయ్య ఒకే తీగ పట్టుకొని మోగించినాడు. తిట్లు పాటైనాయి.

*టీ పొడి మూడుసార్లు కాచే పోలమ్మా,*
*అగ్గిపుల్ల రెండుగా చీల్చే పోలమ్మా,*
*నీవన్నీ దాచుకొని, దాచుకొని,*
*నా పేరు మాత్రం ఖర్చు పెట్టినావే పోలమ్మా!*

జనం నవ్వినారు. నవ్వాల్సిందే, బాగుండాది. అగ్గిపుల్ల చీల్చే మాట గూడా నిజమే. రెండోసారి పాడినప్పుడు జనం అందుకున్నారు. చిన్నపిల్లలు గూడా నా పేరు పెట్టి అరిచినారు. నేను తల దించలేదు. దించితే ఆమె ఆపాల్సి వస్తాది, అది మా అత్త పద్ధతి. ఆమె ఆపకూడదు. ఎన్నిసార్లు పాడాలంటే అన్నిసార్లు పాడనిచ్చినాను. ఎదురుగ్గా కూర్చొని తిట్టించుకోవడం ఎట్టా ఉంటాదో పన్నెండేళ్ళు ఈ పని చేసి నాకు తెలవలేదు. మీరు మొదటి ఏడాదిలోనే ఒకసారి తిట్టించుకోండి. తర్వాత రాసే పాట వేరేగా ఉంటాది.

ఆఖర్న మైకు నేల మీద పెట్టి, ఎవురి వైపూ చూడకుండా పోయింది. భోజనాలప్పుడు నా పక్కన ఆమెకు ఆకు వేయించి పెట్టినాను. రాలేదు. శీనయ్య ఆ ఆకు ముందర కూర్చోబోతే మస్తాను చెయ్యి పట్టి ఆపినాడు. అందరూ తిని లేచేదాకా అది అట్టాగే ఉండాది.

మర్నాడు పొద్దున ఆరున్నరకు ముత్తుకూరు మార్కెట్టుకు పోయినాను. గేటు పక్కన కొబ్బరికాయల మనిషి తన మూటలు రవ్వంత అవతలికి జరుపుకోనుండాడు. ఆ జాగాలో చెంగమ్మ గంప దించుకొని కూర్చోనుంది. ఒకాయన చేప తీసి మొప్ప ఎత్తి చూసినాడు. "బాగా చూసుకో నాయనా" అన్నది ఆమె. చూసుకొని కిలో తీసుకుపోయినాడు. నా ముందర ఇద్దరుంటే వాళ్ళు అయిందాకా నిలబడినాను. నా వంతు వచ్చినాక కానాగంత చేపలు చూపించినాను. తూకమేసింది, కత్తిపీట ముందరకు లాక్కుంది.

"పులుసుకా, వేపుడుకా?" అని అడిగింది.

"పులుసుకు" అన్నాను.

ముక్కలు కోసి, ఆకులో చుట్టి ఇచ్చి, నా వెనకాల నిలబడినామెను పిలిచింది.